పదకొండు ట్రాకుల పెళ్లి వీడియో

ఎడిటింగ్ నేర్చుకోవాలంటే యూట్యూబ్‌లో ట్రాన్సిషన్లు నేర్పేవాళ్లు కావలసినంతమంది. కలర్ గ్రేడింగ్ నేర్పేవాళ్లకీ కొదవలేదు. టైమ్‌లైన్ సర్దుకోవడం నేర్పేవాళ్లు మాత్రం తక్కువ. కారణం సింపుల్, దానికి వ్యూస్ రావు. ‘అంట్లు తోమడం ఎలా’ అని వీడియో పెడితే ఎవరు చూస్తారు చెప్పండి. ఈ వారం నేను రాయబోయేది మాత్రం ఆ అంట్ల గురించే.

మీరు చేసింది ఒకటిన్నర నిమిషం రీలే కావచ్చు. దాని డ్రాఫ్ట్ ఒకసారి తెరిచి చూడండి. కింద మెయిన్ వీడియో. దాని మీద ఇంకో వీడియో, దాని మీద స్టిక్కరు, వాడదామా వద్దా అని పక్కన పడేసిన మ్యూజిక్ ముక్క, స్క్రీన్ చివర ఎక్కడో మర్చిపోయిన అర సెకను టెక్స్ట్. వీడియో ఎక్స్‌పోర్ట్ అయింది, పోస్ట్ అయింది, లైకులూ వచ్చాయి. ఇక లోపల ఎలా ఉంటే ఏంటి అనిపిస్తుంది. ఆ వీడియోని మళ్లీ తెరవాల్సిన అవసరం రానంతకాలం నిజంగానే ఏమీ కాదు.

అవసరం వచ్చినప్పుడే అసలు కథ.

మా పిన్ని కొడుకు తెనాలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. సీజన్‌లో చేతినిండా పని. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, అప్పు చేసి కొన్న కంప్యూటరు, రెండు హార్డ్ డిస్కులు. అదే వాడి ఆఫీసు. మొన్నామధ్య ఒక పార్టీ నుంచి ఫోనొచ్చింది. పెళ్లయి మూడు నెలలు. పెన్‌డ్రైవ్ ఇచ్చేశాడు, డబ్బులు కూడా చాలావరకు వచ్చేశాయి. ఈలోగా పెళ్లికూతురి తాతగారు పోయారు. పెళ్లి వీడియోలో ఆయన సరిగ్గా ఎక్కడా కనపడలేదట. గ్రూప్ ఫొటో దగ్గర ఒక్క క్షణం, అంతే. “బాబూ, మా నాన్నగారు ఇంకెక్కడైనా ఉన్నారేమో కాస్త చూడు. ఉంటే వీడియోలో కలిపి ఇవ్వు. పెద్దకర్మ లోపు ఇవ్వగలిగితే అందరికీ చూపిస్తాం” అన్నారు పెళ్లికూతురి తండ్రి.

వాడు ప్రాజెక్ట్ తెరిచి నాకు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, తాతయ్యగారి షాట్లు నేను పెట్టాను, నాకు గుర్తుంది. కానీ ఇప్పుడు ఏది ముట్టుకున్నా ఇంకేదో కదిలిపోతోంది. నువ్వు ఆదివారం వస్తావా?”

నేను వెళ్లి చూసేసరికి ముప్పై రెండు నిమిషాల వీడియోకి పదకొండు వీడియో ట్రాకులు ఉన్నాయి. వాటికింద పద్నాలుగు ఆడియో ట్రాకులు. స్క్రీన్ మీద అన్నీ ఒకేసారి కనపడాలంటే ఒక్కో ట్రాకు చీమ మందాన ఉంటుంది.

ఇక్కడ ట్రాకు సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పి ముందుకెళ్దాం. టైమ్‌లైన్‌లో ఎడమ నుంచి కుడికి సమయం నడుస్తుంది. కింద నుంచి పైకి పొరలు. ఒకే క్షణంలో రెండు పొరల్లో వీడియో ఉంటే పైనున్నదే కనిపిస్తుంది, కిందిది దాని వెనక దాక్కుంటుంది. అంటే పదకొండు ట్రాకులున్నా ప్రేక్షకుడు చూసేది దాదాపు ప్రతిచోటా ఒక్కటే. మిగతావన్నీ అక్కడ ఉండి లేనట్టే.

మరి పదకొండు ఎందుకయ్యాయి? వాడిది బద్ధకం అని నేను అనను. పెళ్లివాళ్లు వాట్సాప్‌లో మార్పులు చెప్తారు. “జీలకర్ర బెల్లం దగ్గర మా బావగారు రాలేదేంటి”, “అప్పగింతల్లో ఆ ఏడుపు కాస్త తగ్గించండి”, “మాంగల్యధారణ దగ్గర డ్రోన్ షాట్ వెయ్యండి, పూలు పడుతున్నది”. ప్రతి మార్పుకీ పాత క్లిప్పు తీసేయాలంటే భయం. రేపు మళ్లీ పాతదే బాగుంది అంటారేమోనని. అందుకని పాతదాన్ని డిజేబుల్ చేసి, పైన కొత్త ట్రాకు వేసి, అందులో కొత్తది పెడతాడు. రిజాల్వ్‌లో క్లిప్పుని ఎంచుకుని ‘డీ’ కీ నొక్కితే చాలు, అది బూడిదరంగులోకి వెళ్లిపోతుంది. ఉంటుంది, కనపడదు. ప్రీమియర్‌లో అదే పని షిఫ్ట్, ‘ఈ’ కలిపి నొక్కితే అవుతుంది. ఒక్క కీ దూరంలో ఉన్న సౌకర్యం కదా, అందరం వాడేస్తాం. ఆ పార్టీ ఆరుసార్లు మార్పులు చెప్పింది. ఆరు పొరలు పెరిగాయి.

మా సాఫ్ట్‌వేర్‌లో దీని కవల ఒకటుంది. పాత కోడ్ తీసేయడానికి ధైర్యం చాలక, ముందు రెండు గీతలు పెట్టి కామెంట్‌గా మార్చి వదిలేస్తారు. రెండేళ్ల తర్వాత ఆ ఫైలు తెరిచినవాడికి అది ఎందుకు ఆపారో తెలియదు, తీసేస్తే ఏమవుతుందో తెలియదు. వాడూ దాన్ని ముట్టుకోడు. అలా అది ఆ ఇంటి పెద్దదిక్కులా ఉండిపోతుంది. అయితే మాకు గిట్ ఉంది. ధైర్యంగా డిలీట్ చేస్తాం, పాతది కావాలంటే చరిత్రలోంచి తవ్వుకుంటాం. వీడియో ఎడిటర్‌కి ఆ సదుపాయం తనకు తానుగా రాదు. చేతితో చేసుకోవాలి.

అందుకని మొదట చేసింది టైమ్‌లైన్‌ని డూప్లికేట్ చేయడం. మీడియా పూల్‌లో టైమ్‌లైన్ మీద రైట్ క్లిక్ కొడితే ఆ ఆప్షన్ ఉంటుంది. పాతదాని పేరు వెనక తేదీ తగిలించి పక్కన పెట్టేశాం. ఇక దాన్ని ముట్టుకోం. దీనివల్ల హార్డ్ డిస్కు నిండిపోతుందని మావాడు భయపడ్డాడు గానీ, టైమ్‌లైన్ కాపీలో వీడియో ఫైళ్లేమీ ఉండవు. ఏ ఫైల్లో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వాడాలనే వివరాలు మాత్రమే ఉంటాయి. వంటల పుస్తకాన్ని జిరాక్స్ తీసినంతమాత్రాన ఇంట్లో బియ్యం రెట్టింపు కావు కదా.

రెండోది, పార్టీకి ఇచ్చిన ఫైనల్ వీడియో ఫైలుని దగ్గర పెట్టుకున్నాం. దాని అవసరం చివర్లో చెప్తాను.

తర్వాత ఆలోచించక్కర్లేని చెత్త. ఏమీ లేని ట్రాకులు మూడున్నాయి, ట్రాకు పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘డిలీట్ ఎంప్టీ ట్రాక్స్’ అంటే పోయాయి. వీడియో చచ్చిపోయి ఆడియో మాత్రం మిగిలిన అనాథ ముక్కలు కొన్ని, అవి కూడా మ్యూట్‌లో ఉన్నవే. ముప్పై రెండో నిమిషం దాటాక ఎక్కడో నలభయ్యో నిమిషం దగ్గర పార్కింగ్‌లో పెట్టినట్టు పడేసిన క్లిప్పులు ఓ పాతిక. వాటిని మాత్రం తుడిచేయలేదు, ‘తీసినవి’ అని ఇంకో టైమ్‌లైన్ తెరిచి అందులోకి కట్ చేసి పేస్ట్ చేశాం.

ఈ దశలోనే చాలామంది కొంప మునుగుతుంది. రిజాల్వ్‌లో బ్యాక్‌స్పేస్ కొడితే క్లిప్పు పోయి దాని జాగా ఖాళీగా మిగులుతుంది. డిలీట్ కీ కొడితే క్లిప్పుతోపాటు జాగా కూడా పోయి, వెనకున్నవన్నీ ముందుకు జరిగి వస్తాయి. ప్రీమియర్‌లోనేమో మామూలు డిలీట్ ఖాళీని అలాగే ఉంచుతుంది, జరగాలంటే షిఫ్ట్ కలపాలి. రెండు సాఫ్ట్‌వేర్లూ వాడేవాడి వేళ్లు ఎటూ తేల్చుకోలేవు. పెళ్లి వీడియోలో రెండు సెకన్లు జరిగిందంటే గట్టిమేళం ఒకచోట, తాళి ఒకచోట. కాబట్టి సర్దేటప్పుడు ఖాళీ మిగిల్చే డిలీట్ మాత్రమే వాడాలి. క్లిప్పుని పై ట్రాకు నుంచి కింది ట్రాకులోకి దించాలన్నా మౌస్‌తో లాగకండి, పక్కకి ఒక ఫ్రేము జారినా కంటికి తెలీదు. ఆల్ట్ పట్టుకుని కింది బాణం నొక్కితే నిలువుగా దిగుతుంది. ఇది రెండింటిలోనూ ఒకటే.

ఇక్కడిదాకా గంట పని. అసలైన పని తర్వాతది, డిజేబుల్ చేసిన క్లిప్పులు. లెక్కేస్తే నూట పద్దెనిమిది తేలాయి.

ప్రీమియర్ వాడేవాళ్లు ఇక్కడ చెయ్యెత్తుతారని తెలుసు. అందులో సీక్వెన్స్ మెనూలో ‘సింప్లిఫై సీక్వెన్స్’ అని ఉంది. ఖాళీ ట్రాకులు, డిజేబుల్ అయిన క్లిప్పులు ఇలా ఏమేం తీసేయాలో టిక్ పెడితే, అసలు సీక్వెన్స్‌ని కదపకుండా ఒక కాపీ తీసి దాన్ని శుభ్రం చేసి ఇస్తుంది. పైనున్న క్లిప్పుల్ని కిందికి దించి పొరల మధ్య ఖాళీలు కూడా మూస్తుంది. మంచి ఆప్షన్. పని పూర్తయి, సౌండ్ చేసేవాళ్లకో కలర్ చేసేవాళ్లకో ప్రాజెక్ట్ పంపేటప్పుడు నేనైతే ఆలోచించకుండా వాడమంటాను. కానీ ఆ ఆదివారం అదే బటన్ నా చేతిలో ఉన్నా నొక్కేవాణ్ని కాదు.

ఎందుకో చెప్తాను. మూడు కెమెరాలు, డ్రోను కలిపి ఆ పెళ్లికి రా ఫుటేజ్ తొమ్మిది గంటల పైచిలుకు. అందులో తాతయ్యగారి కోసం మొదటి నుంచి వెతకాలంటే రెండు రోజులు కళ్లు కాయలు కాయాలి. డిజేబుల్ చేసిన నూట పద్దెనిమిది క్లిప్పులు మాత్రం అలాంటివి కావు. ఆ తొమ్మిది గంటలూ ఒకసారి చూసి, ఇది బాగుంది అనిపించి మావాడు మొదట ఏరుకున్నవి. తర్వాత ఎవరో ఏదో కావాలంటే పక్కకు తప్పుకున్నవి. అంటే చూడ్డానికి చెత్తలా ఉన్న ఆ బూడిదరంగు ముక్కల్లోనే వాడి మొదటి ఎంపిక మొత్తం ఉంది. డిజేబుల్ అయిందా లేదా అన్నది మెషీన్‌కి తెలుస్తుంది. వద్దనుకుని ఆపారా, తర్వాత చూద్దాంలే అని ఆపారా అన్నది దానికి తెలియదు. దానికి రెండూ ఒకటే బూడిదరంగు.

కాబట్టి ఒక్కోటి తెరిచి చూశాం. సగం పైగా క్షణంలో తేలిపోయాయి. ఫోకస్ పోయినవి, ఎవరో కెమెరాకి అడ్డంగా నడిచినవి, అదే షాట్ రెండోసారి. వాటిని నిజంగానే డిలీట్ చేశాం. ఇక్కడ వాడు ఒక్కోదానికీ “ఉండనీ అన్నయ్యా” అనడం, నేను “ఎందుకురా” అనడం, వాడి దగ్గర జవాబు లేకపోవడం. మిగిలినవాటికి రంగులు వేశాం. మళ్లీ కావాల్సి రావచ్చు అన్నదానికి నీలం, తాతయ్యగారు కనపడితే నారింజ. నీలం రంగువన్నీ ‘తీసినవి’ టైమ్‌లైన్‌లోకి వెళ్లాయి, ఏ తంతు దగ్గరివో మార్కరు పెట్టి.

మాంగల్యధారణ దగ్గరికొచ్చేసరికి పైన డ్రోన్ షాట్. పూలు పడుతున్నాయి, పందిరి మొత్తం కనపడుతోంది, చాలా గొప్పగా ఉంది. దానికింద ఒక క్లోజప్. దానికింద మూడో ట్రాకులో ఐదు సెకన్ల బూడిదరంగు ముక్క. ఎనేబుల్ చేసి, పైవాటిని ఆపి చూస్తే తాతయ్యగారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అక్షింతలు వేసేసి, కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటున్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకోబోయి ఆగి, ఈసారి కళ్లు తుడుచుకున్నారు.

మావాడు కుర్చీ వెనక్కి జరిపాడు. “ఇది నేనే పెట్టానన్నయ్యా మొదట్లో. డ్రోన్ కావాలంటే ఆపేశాను” అన్నాడు.

అలా మొత్తం ఏడు దొరికాయి. భోజనాల దగ్గర ఎవరికో వడ్డించమని చెయ్యి చూపించడం, మనవరాలు వచ్చి కాళ్లకు దణ్ణం పెడితే తల మీద చెయ్యి పెట్టి తియ్యడం మర్చిపోయినట్టు అలాగే ఉంచెయ్యడం. ఆయన ఎవరో నాకు తెలీదు, చూసిందీ లేదు. అయినా ఆ చెయ్యి షాట్ రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాం.

మధ్యలో ఒక పిడకలవేట. ‘బిన్’ అనే మాట ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో కనిపిస్తుంటుంది, క్లిప్పులు దాచుకునే ఫోల్డర్‌కి ఆ పేరు. అది ఫిల్మ్ రోజుల నుంచి వచ్చింది. రీలు కత్తిరించి అతికించే కాలంలో, వాడని ముక్కల్ని గుడ్డ సంచి బిగించిన ఒక డబ్బా పైన వరసగా కొక్కేలకు వేలాడదీసేవాళ్లు. ఏ ముక్క ఏ సీన్‌దో రాసి, చుట్టి, అడిగిన వెంటనే తీసివ్వడం అసిస్టెంట్ ఎడిటర్ల డ్యూటీ. అప్పుడు వాడని ముక్క నడుస్తున్న రీల్లో ఉండే అవకాశమే లేదు. ఒకే రీలు మీద ఒకేచోట రెండు షాట్లు ఎలా పడతాయి? పైన ఇంకో పొర వేసేయడం కంప్యూటరు ఇచ్చిన వరం. అదే మనకి ఈ తలనొప్పీ తెచ్చింది.

ఆపిల్ వాళ్లు 2011లో ఫైనల్ కట్ ప్రో టెన్ తెచ్చినప్పుడు ఈ ట్రాకుల పద్ధతినే ఎత్తేశారు. మధ్యలో ఒక మెయిన్ వరస, మిగతా క్లిప్పులు దానికి తగులుకుని ఉంటాయి, ఏదైనా తీస్తే పక్కవి అయస్కాంతంలా దగ్గరికొస్తాయి. అప్పట్లో ప్రొఫెషనల్స్ చాలామంది తిట్టిపోశారు, ఐమూవీ ప్రో అని వెక్కిరించారు. ఇవాళ మీ ఫోన్లో కైన్‌మాస్టర్ తెరిస్తే కనిపించేది కూడా ఆ దారిలోదే, ఒక మెయిన్ వరస, దానికి తగిలించిన లేయర్లు. నా అభిప్రాయంలో ఫోన్లో ఎడిట్ చేసేవాళ్లకి ఇది మేలే. కాకపోతే మెయిన్ వరసలో ఒక ముక్క తీసేస్తే దానికి తగిలించిన టెక్స్టూ స్టిక్కరూ ఏమయ్యాయో ఓసారి చూసుకోండి. యాప్‌ని బట్టి కొన్ని దాంతోపాటే పోతాయి, కొన్ని పక్క ముక్క మీదికెళ్లి కూర్చుంటాయి. ‘హ్యాపీ బర్త్‌డే అమ్మా’ అన్న అక్షరాలు నాన్న ముఖం మీద పడేది ఇలాగే.

సరే, తెనాలికి వద్దాం. పదకొండు ట్రాకులు నాలుగయ్యాయి. మెయిన్ కెమెరా, రెండో కెమెరా, డ్రోను, టైటిల్స్. ప్రతిదానికీ పేరు రాశాం, వీడియో ట్రాక్ 1 అని వదిలేయకుండా. ఆడియోలో పంతులుగారి మైకు, మేళం, జనం గోల, పాటలు, వేటికవే. పూర్తయింది అనుకున్నాక పార్టీకి ఇచ్చిన పాత ఫైనల్ ఫైలు బయటికి తీశాం.

మా ఉద్యోగంలో కోడ్ సర్దినప్పుడు ఒక నియమం ఉంటుంది. లోపల ఎంత మార్చినా బయటికి వచ్చే ఫలితం మారకూడదు. దాన్ని పరీక్షించకుండా ఎవరూ ఒప్పుకోరు. వీడియోలో ఆ పరీక్ష ఇలా చెయ్యొచ్చు. సర్దిన టైమ్‌లైన్ మీద అన్నిటికంటే పైన పాత ఫైనల్ ఫైలుని మొదటి ఫ్రేము నుంచి సరిగ్గా ఆనించి పెట్టాలి. ఇన్‌స్పెక్టర్‌లో కాంపోజిట్ మోడ్‌ని ‘డిఫరెన్స్’ చేయాలి. ప్రీమియర్‌లో అయితే ఒపాసిటీ కింద బ్లెండ్ మోడ్‌లో ఉంటుంది. అప్పుడు స్క్రీన్ మీద రెండింటికీ మధ్య తేడా మాత్రమే కనిపిస్తుంది. రెండూ ఒకటే అయితే నలుపు. కంప్రెషన్ వల్ల చీకట్లో దుమ్ములా కాస్త మినుకుమంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మనుషుల ఆకారాలు తేలాయంటే మాత్రం అక్కడ ఏదో మారింది. శబ్దాన్ని మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని సరిచూసుకోవాలి.

ముప్పై రెండు నిమిషాల నలుపు చూశాం. బోరు అనుకునేరు, మంచి సస్పెన్స్ సినిమాలా ఉంటుంది. పంతొమ్మిదో నిమిషంలో తలంబ్రాల దగ్గర పెళ్లికొడుకు తలపాగా అంచు తెల్లగా మెరిసింది. ఒకే షాట్‌ని మధ్యలో కోసి, రెండో ముక్కకి మాత్రం కొంచెం జూమ్ ఇచ్చి ఉంది. అనవసరమైన కట్ అనుకుని మావాడు రెండు ముక్కల్నీ కలిపేసేసరికి ఆ జూమ్ పోయింది. మళ్లీ పెట్టాడు. మిగతాదంతా నలుపే.

అప్పుడుగానీ తాతయ్యగారి షాట్లు కలపలేదు. అప్పటికి అది అరగంట పని. మాంగల్యధారణ దగ్గర డ్రోన్ షాట్‌ని ఐదు సెకన్లు కుదించి ఆయన్ని పెట్టాడు. ఏడింటిలో నాలుగు వాడి, మూడు వదిలేశాడు. ఆ మూడూ విడిగా ఫైలు చేసి ఇచ్చాడు. పెద్దకర్మకి రెండు రోజుల ముందే అందింది. తర్వాత వాళ్లేమన్నారని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. అదే ఇంట్లో రెండో అమ్మాయి పెళ్లి వీడియో కూడా వాడికే మాట్లాడారని మాత్రం పిన్ని చెప్పింది.

ఫోన్లో చేసేవాళ్లు ఇంత హడావుడి పడక్కర్లేదు. డ్రాఫ్ట్‌ని డూప్లికేట్ చేసి, పేరు పెట్టి, సర్దేది ఆ కాపీలో సర్దండి. వాడని క్లిప్పులు పూర్తిగా పోతాయేమో అని భయముంటే ‘వాడనివి’ అని ఇంకో ప్రాజెక్ట్ తెరిచి అందులో వరసగా పేర్చుకోండి. గ్యాలరీలో అసలు వీడియో డిలీట్ చేస్తే మాత్రం డ్రాఫ్ట్‌లో ఉన్నది కూడా చాలా యాప్స్‌లో ఖాళీ డబ్బా అయిపోతుంది. స్టోరేజ్ నిండిందని ఫోన్ గోల పెట్టిన రోజు ఆ సంగతి గుర్తుంచుకోండి.

మావాడు ఇప్పుడు ప్రతి మార్పుకీ టైమ్‌లైన్ డూప్లికేట్ చేసి తేదీ వేస్తున్నాడు. పైన ట్రాకులు పెంచడం తగ్గించాడు. కానీ ఒక విషయంలో నా మాట వినలేదు. ‘తీసినవి’ టైమ్‌లైన్ ఖాళీ చెయ్యి, ఏడాది దాటినవి తీసెయ్ అంటే ఒప్పుకోడు. “పార్టీ దగ్గర్నుంచి చివరి ఐదువేలు రానియ్ అన్నయ్యా, అప్పుడు చూద్దాం” అంటాడు. రెండేళ్ల కిందటి పెళ్లిళ్లకి కూడా ఆ చివరి ఐదువేలు ఇంకా రాలేదట.